షుగర్ దిగినా బరువు ఎందుకు దిగదు? వ్యాయామం, ఇన్సులిన్, కిలోల లెక్క

క్లుప్తంగా: వ్యాయామం ఇన్సులిన్ మీద పనిచేసే దారి వేరు, బరువు మీద పనిచేసే దారి వేరు. మొదటి దారిలో ఫలితం గంటల్లో మొదలై రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. రెండోది నెమ్మది, తిండి తోడు లేకపోతే పెద్దగా కదలదు. బరువు మిషన్ ముల్లు చూసి వ్యాయామం ఫలించిందో లేదో తేల్చుకోవడం వల్లే చాలామంది మధ్యలో మానేస్తున్నారు.

మూడు నెలలుగా రోజూ పొద్దున్నే అరగంట నడక. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కాస్త దిగింది. బరువు మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది. షుగర్ క్లినిక్ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే ఇలాంటి కథ ఒకటైనా వినిపిస్తుంది. దాని పక్కనే ఇంకోటి: వాకింగ్ నుంచి రాగానే వేలు గుచ్చుకుని చూస్తే షుగర్ తగ్గకపోగా పెరిగిందని టెన్షన్. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఇంతమందికి ‘వ్యాయామం చేయండి’ అన్న ఒక్క మాటే అందుతోంది. అది ఒంట్లో ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెప్పేవాళ్లు తక్కువ.

టీస్పూన్ చక్కెర, పళ్లెం అన్నం

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మొత్తంలో పరగడుపున ఉండే గ్లూకోజ్ ఎంత? డెసిలీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల చొప్పున ఐదు లీటర్ల రక్తానికి లెక్కేస్తే 5 గ్రాములు. ఒక టీస్పూన్ చక్కెర అంత. మధ్యాహ్నం పళ్లెంలో పెట్టుకునే పావుకిలో అన్నంలో పిండిపదార్థం దాదాపు 70 గ్రాములు. అది అరుగుతున్న కొద్దీ గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి దిగుతుంది. ఐదు గ్రాములు ఉండే చోటికి డెబ్బై గ్రాములు వచ్చిపడుతుంటే ఎప్పటికప్పుడు ఎక్కడో ఒకచోట సర్దాలి. ఆ సర్దే పని ఇన్సులిన్‌ది.

సర్దడానికి ఒంట్లో పెద్ద గాదెలు రెండు ఉన్నాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. రక్తనాళంలోకి ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కిస్తూ పరిశోధకులు కొలిచినప్పుడు, ఆ గ్లూకోజ్‌లో 80 శాతం దాకా కండరాలే లాగేసుకుంటున్నట్టు తేలింది. షుగర్ అనగానే అందరి దృష్టీ ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మీదికే పోతుంది గానీ, కథలో సగం తొడల్లోనూ పిక్కల్లోనూ నడుస్తుంది.

కండర కణం లోపల గ్లూట్-4 అనే ప్రోటీన్లు చిన్నచిన్న తిత్తుల్లో దాగి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి కణం పైపొరను తాకగానే లోపల ఒకదాని వెంట ఒకటిగా సంకేతాలు నడుస్తాయి. ఈ తిత్తులు పైకి చేరి గ్లూకోజ్‌కి దారి ఇస్తాయి. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవాళ్లలో ఈ సంకేతాల వరసే మధ్యలో నీరసిస్తుంది. కండరంలో, కాలేయంలో చేరకూడనంత కొవ్వు చేరడం అందుకు ఒక పెద్ద కారణం. క్లోమం ఊరుకోదు, ఒకటి చాలని చోట రెండింతలు పంపుతుంది. అందుకే కొన్నేళ్ల పాటు షుగర్ రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది, లోపల మాత్రం క్లోమం రాత్రింబవళ్లు ఓవర్‌టైమ్ చేస్తుంటుంది.

ఇన్సులిన్ తాళంచెవి, కణం తాళం అని చాలాచోట్ల చెబుతుంటారు. పోలిక తప్పేం కాదు, కానీ సగమే. కండరానికి దొడ్డిదారి ఒకటుంది. అటు నుంచి వెళ్లడానికి ఇన్సులిన్‌తో పని లేదు.

గడ్డి నమిలిన గుర్రం

ఇన్సులిన్‌ను కనిపెట్టింది 1921లో, కెనడాలోని టొరంటోలో. అంతకు 34 ఏళ్ల ముందే, 1887లో, షోవో, కౌఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు గుర్రం దవడ కండరం నుంచి బయటికొచ్చే రక్తాన్ని పరీక్షించారు. గుర్రం ఊరికే నిలబడ్డప్పటి కంటే గడ్డి నములుతున్నప్పుడు ఆ కండరం రక్తంలోంచి గ్లూకోజ్‌ను చాలా ఎక్కువగా తీసుకుంటోంది. పనిచేసే కండరం తన తిండి తానే లాక్కుంటుందన్న సంగతికి తొలి రుజువుల్లో ఇదొకటి.

ఇప్పుడు దాని వెనకున్న యంత్రాంగం చాలావరకు తెలుసు. కండరం ముడుచుకున్నప్పుడు కణంలో కాల్షియం విడుదలవుతుంది. శక్తి ఖర్చయ్యేసరికి ఏఎంపీకే అనే ఎంజైమ్ మేల్కొంటుంది. వీటితోపాటు మరికొన్ని సంకేతాలు కలిసి అవే గ్లూట్-4 తిత్తులను పైపొరకు తెస్తాయి. ఈ వరసలో ఇన్సులిన్ రిసెప్టర్ లేదు. అందువల్లే ఇన్సులిన్ మాట వినని కండరం కూడా నడిస్తే మాత్రం వింటుంది. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్లలోనూ ఈ దొడ్డిదారి చెడిపోకుండా ఉండటం వైద్యపరంగా చాలా విలువైన విషయం.

నడక ఆపాక ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరం. కోపెన్‌హాగెన్‌లో ఎరిక్ రిక్టర్ బృందం 1980ల చివర్లో ఒక ప్రయోగం చేసింది. మనుషులను కూర్చోబెట్టి ఒక్క కాలితోనే గంటసేపు మోకాలు చాపి ముడిచే వ్యాయామం చేయించారు, రెండో కాలికి విశ్రాంతి. నాలుగు గంటల తర్వాత ఇన్సులిన్ ఎక్కించి రెండు కాళ్లూ ఎంతెంత గ్లూకోజ్ తీసుకుంటున్నాయో కొలిచారు. రెంటికీ అందుతున్న రక్తం ఒకటే, ఇన్సులిన్ ఒకటే. అయినా కష్టపడిన కాలే ఎక్కువ తీసుకుంది. అంటే వ్యాయామం ఇచ్చే లాభం రక్తంలో కలిసి ఒళ్లంతా పంచుకునేది కాదు, ఏ కండరం పనిచేస్తే దానిదే. ఖాళీ అయిన గాదె కొత్త ధాన్యం కోసం నోరు తెరిచి ఉన్నట్టు, గ్లైకోజెన్ ఖర్చయిన కండరం ఆ తర్వాత వచ్చే కొద్దిపాటి ఇన్సులిన్‌కే స్పందిస్తుంది. తొడలు, పిరుదులు, వీపు లాంటి పెద్ద కండరాలను కదిలించే వ్యాయామానికి ఎక్కువ ఫలితం ఉండటానికి కారణం కూడా ఇదే.

ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఒకసారి చేసిన వ్యాయామం వల్ల పెరిగిన ఇన్సులిన్ స్పందన సుమారు 24 నుంచి 72 గంటలు ఉంటుంది. తర్వాత మెల్లగా మొదటికొస్తుంది. వారం మొత్తానికి సరిపడా ఆదివారం ఒక్కరోజే నడిచేస్తే కుదరకపోవడానికి ఇదే కారణం. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారానికి 150 నిమిషాలు అని ఊరుకోకుండా, వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దని చెప్పడం కూడా ఈ లెక్కతోనే.

మానేస్తే జారిపోవడమూ వేగంగానే. డెన్మార్క్‌లో రోజుకు పదివేల అడుగులు నడిచే ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను రెండు వారాల పాటు సుమారు 1,350 అడుగులకే పరిమితం చేశారు. వాళ్ల ఇన్సులిన్ సామర్థ్యం 17 శాతం పడిపోయింది. జబ్బు లేదు, వయసు లేదు, లిఫ్టు ఎక్కి కారులో తిరిగారంతే. మరో అధ్యయనంలో ఐదు రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచితే, అదే మోతాదు గ్లూకోజ్‌ను అదుపు చేయడానికి ఆరోగ్యవంతులకు కూడా 67 శాతం ఎక్కువ ఇన్సులిన్ అవసరమైంది. ఆపరేషన్ తర్వాతో, విషజ్వరం వచ్చాకో మంచం పట్టినవాళ్ల షుగర్ అదుపు తప్పడంలో జబ్బు వల్ల వచ్చే ఒత్తిడితో పాటు ఈ కదలిక లేకపోవడానికీ వాటా ఉంటుంది.

వాకింగ్ అయ్యాక షుగర్ పెరిగిందేం?

వేగంగా పరిగెత్తినా, బరువులు గట్టిగా ఎత్తినా, మెట్లు దబదబా ఎక్కినా అడ్రినలిన్ ఎగబాకుతుంది. కండరాలకు ఇంధనం కావాలని కాలేయానికి కబురు వెళ్తుంది. కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. కండరాలు వాడే దానికన్నా కాలేయం వదిలేది ఎక్కువైనప్పుడు మీటర్ మీద అంకె పైకి పోతుంది. పైగా తెల్లవారుజామున కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ ఎలాగూ కాలేయాన్ని తట్టి లేపుతుంటాయి. పరగడుపున చురుగ్గా నడిచొచ్చి వెంటనే పరీక్షించుకుంటే అంకె భయపెట్టడంలో వింత లేదు. అది సాధారణంగా గంటా రెండు గంటల్లో దిగుతుంది, మిగతా రోజంతా కండరం ఇన్సులిన్‌కి బాగా పలుకుతూనే ఉంటుంది.

కిలోల లెక్క ఎక్కడ తప్పుతోంది

డెబ్బై కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 35 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నికరంగా నడక వల్ల పోయింది 85. ఒక కిలో కొవ్వులో ఉండేది దాదాపు 7,700 కేలరీలు. తిండి రవ్వంత కూడా మారకుండా నెల రోజులు నడిస్తే కాగితం మీద మూడోవంతు కిలో తగ్గాలి. పార్కు గేటు పక్కన టిఫిన్ బండి మీద ఒక్క గారె తింటే ఆ రోజు లెక్క అక్కడికక్కడే చెల్లు. కేబీఆర్ పార్కు దగ్గరైనా, విశాఖ బీచ్ రోడ్డులోనైనా వాకింగ్ బ్యాచ్ చివరికి చేరేది టిఫిన్ దగ్గరికే కదా!

తిండే కాదు, ఒళ్లు కూడా సర్దుకుంటుంది. పొద్దున గట్టిగా వ్యాయామం చేసినవాళ్లు మిగతా రోజంతా తెలియకుండానే తక్కువ కదులుతారు. టాంజానియాలో వేట మీద, కందమూలాల మీద బతికే హడ్జా తెగవాళ్ల మీద హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చనే మార్చేసింది. హడ్జా మగవాళ్లు రోజుకు 11 కిలోమీటర్లకు పైగా నడుస్తారు. అయినా శరీర పరిమాణాన్ని బట్టి సరిచేసి చూస్తే వాళ్లు రోజు మొత్తంలో ఖర్చు చేసే శక్తి, అమెరికాలో కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్ల ఖర్చుకు దాదాపు సమానం. కదలిక పెరిగిన కొద్దీ శరీరం వేరే పద్దుల్లో పొదుపు చేస్తుందని పాంట్జర్ వాదన. ఎంతవరకు అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి గానీ, ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే కేలరీలన్నీ నడుం మీద తగ్గవన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లను నీరుగార్చే ఇంకో చిక్కు ఉంది. వ్యాయామానికి అలవాటు పడుతున్న కండరం ఎక్కువ గ్లైకోజెన్ దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. పొట్ట చుట్టూ కొవ్వు తగ్గుతున్నా ఈ నీరు, కాస్త పెరిగిన కండరం కలిసి మొదటి కొన్ని వారాలు మిషన్ ముల్లును కదలనివ్వవు. ఇదే లెక్క తిరగేస్తే, అన్నం పూర్తిగా మానేసే డైట్లలో మొదటి వారంలోనే మూడు నాలుగు కిలోలు పోవడం వెనక కిటుకు తెలుస్తుంది. గ్లైకోజెన్‌తో పాటు నీళ్లు పోతాయి, కొవ్వు అంత త్వరగా పోదు.

ఇన్సులిన్ తగ్గితే సన్నబడిపోతామా?

కొన్నేళ్ల క్రితం తెలుగు రాష్ట్రాల్లో అన్నం మాని నూనెలు, కొవ్వులు తినే డైట్ ఊరూరా మార్మోగింది. దాని వెనకున్న వాదన ఇది: ఇన్సులిన్ కొవ్వును తాళం వేసి ఉంచుతుంది, కాబట్టి ఇన్సులిన్‌ను దించితే కొవ్వు దానంతటదే కరుగుతుంది. మొదటి సగం నిజం. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు కొవ్వు కణాల్లోంచి కొవ్వు విడుదల కావడం తగ్గుతుంది. వ్యాయామం చేసేటప్పుడు ఇన్సులిన్ దిగి, అడ్రినలిన్ పెరిగి కొవ్వు బయటికి వస్తుంది కూడా.

తడబడేది రెండో సగంలోనే. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2015లో 19 మంది స్థూలకాయులను ఆస్పత్రి వార్డులో ఉంచి, తిన్న ప్రతి గ్రాము కొలిచి, ఆరేసి రోజుల చొప్పున రెండు రకాల తిండి పెట్టింది. ఒకసారి పిండిపదార్థం తగ్గించారు, మరోసారి అన్నే కేలరీల మేర కొవ్వు తగ్గించారు. పిండిపదార్థం తగ్గించినప్పుడు ఇన్సులిన్ దిగింది, కానీ ఒంటి కొవ్వు ఎక్కువగా పోయింది మాత్రం తిండిలో కొవ్వు తగ్గించినప్పుడే. అది కొద్ది రోజుల ప్రయోగమే, ఇళ్లలో నెలల తరబడి జరిగేది వేరుగా ఉండొచ్చు. కానీ ఇన్సులిన్ ఒక్కటే మీట అన్న వాదన నిలవదని చెప్పడానికి అది చాలు. పరగడుపున వ్యాయామం చేస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందన్న నమ్మకమూ ఇలాంటిదే. ఆ గంటలో కొవ్వు వాడకం పెరిగే మాట నిజం, రోజు మొత్తం లెక్క వేసేసరికి తేడా దాదాపు మాయమవుతుంది.

ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక లావయ్యామని చెప్పేవాళ్లది ఊహ కాదు. అంతకుముందు అదుపు లేని షుగర్ మూత్రంలో పోతూ కేలరీలు కూడా వృథా అయ్యేవి, ఇప్పుడవి ఒంట్లోనే మిగులుతున్నాయి. షుగర్ డౌన్ అవుతుందేమోనన్న భయంతో మధ్యమధ్యలో తినే బిస్కెట్లు దానికి తోడు.

ఒకే బీఎంఐ, రెండు శరీరాలు

మన దగ్గర బరువు అంకెను అంతగా నమ్మలేకపోవడానికి ఇంకో కారణముంది. 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి అచ్చయింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు, అందులోనూ పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే ఈ తీరు భారతీయుల్లో మామూలు. మనకు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని, నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలని ప్రత్యేక హద్దులు పెట్టింది అందుకే. కాలేయంలోని కొవ్వు, పొట్ట లోపలి కొవ్వు వ్యాయామానికి త్వరగా స్పందిస్తాయి. మొత్తం బరువు మారకపోయినా అవి తగ్గుతాయి. మిషన్‌కి తెలియని ఆ సంగతి ప్యాంటు బెల్టు రంధ్రానికి తెలుస్తుంది.

దీనికి గట్టి సాక్ష్యం చెన్నై నుంచే వచ్చింది. డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని సుమారు 30 నెలలు గమనించి 2006లో ఫలితాలు వెలువరించింది. మామూలు సలహాతో వదిలేసిన వర్గంలో మూడేళ్లకు 55 శాతం మంది షుగర్ బారిన పడ్డారు. నడక, తిండి మార్పులు చేసిన వర్గంలో 39.3 శాతం. విశేషమేమిటంటే ఈ రెండో వర్గం బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కిలోలు కదలకుండానే ముప్పు పావు వంతుకు పైగా తగ్గింది.

అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో జీవనశైలి మార్పు ముప్పును 58 శాతం, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర 31 శాతం తగ్గించాయి. అక్కడ ప్రధాన పాత్ర బరువుదే, తగ్గిన ప్రతి కిలోకూ ముప్పు సుమారు 16 శాతం తగ్గింది. అయితే మొదటి ఏడాది బరువు లక్ష్యం చేరలేకపోయినా వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసినవాళ్లలో ముప్పు 44 శాతం తక్కువ. బరువు తగ్గితే మేలు ఎక్కువ అన్నది కచ్చితం. తగ్గకపోతే చేసిందంతా దండగ అన్నది మాత్రం తప్పు.

నడకా, బరువులా? ఎప్పుడు?

నడక ఉన్న గ్లూకోజ్‌ను ఖర్చు చేస్తుంది. బరువులెత్తడం, గుంజీలు, దండీలు లాంటివి గాదెనే పెద్దది చేస్తాయి. టైప్-2 మధుమేహం ఉన్న 262 మందితో అమెరికాలో 9 నెలలు సాగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండూ కలిపి చేసిన వర్గంలోనే హెచ్‌బీఏ1సీ స్పష్టంగా తగ్గింది, ఏ ఒక్కటీ విడిగా అంత ఫలితం ఇవ్వలేదు. యాభై దాటాక కండ ఏటికేడు కరుగుతుంది. అయినా మన పార్కుల్లో నడిచేవాళ్లు వందల్లో ఉంటే గుంజీలు తీసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆడవాళ్లు బరువులెత్తితే కండలు తిరిగిపోతాయన్న అపోహ దీనికి మరో అడ్డు.

వేళ విషయంలో న్యూజిలాండ్ అధ్యయనం ఒకటి మనకు బాగా పనికొస్తుంది. టైప్-2 ఉన్న 41 మందిని కొన్నాళ్లు రోజులో ఎప్పుడైనా ఒకేసారి 30 నిమిషాలు నడవమన్నారు, కొన్నాళ్లు మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవమన్నారు. రెండో పద్ధతిలో భోజనం తర్వాతి షుగర్ 12 శాతం, రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువగా ఉంది. అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి దిగే సమయానికే కండరం దొడ్డిదారి తెరుచుకుని ఉండటమే ఇందులో కీలకం. రాత్రి తొమ్మిదికి అన్నం తిని తొమ్మిదిన్నరకు పక్క ఎక్కే ఇళ్లలో ఈ పది నిమిషాలకు పొద్దుటి అరగంట కన్నా విలువ ఎక్కువ ఉండొచ్చు.

ఇంజెక్షన్ల కాలంలో

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో భారత మార్కెట్‌లోకి వచ్చాక ‘ఇక వ్యాయామం ఎందుకు’ అన్న ప్రశ్న మొదలైంది. ఈ మందులు ఆకలిని తగ్గించి, వ్యాయామం ఒక్కదానితో సాధ్యం కానంత బరువు దించుతాయి. అయితే పోయే బరువంతా కొవ్వే కాదు, అందులో కండ వాటా కూడా గణనీయంగా ఉంటుంది. ముందే కండ తక్కువున్న భారతీయ శరీరానికి ఇది చిన్న విషయం కాదు. ఇదే కుటుంబానికి చెందిన పాత మందు లిరాగ్లుటైడ్‌తో డెన్మార్క్‌లో 195 మంది మీద జరిగిన పరీక్షలో, ముందు తిండి తగ్గించి బరువు దించి, తర్వాత ఏడాది పాటు గమనించారు. మందు, వ్యాయామం రెండూ ఉన్నవాళ్లే అందరికన్నా బాగా నిలబెట్టుకున్నారు. అన్నీ ఆపేశాక మరో ఏడాదికి చూస్తే, మందు ఒక్కటే వాడినవాళ్లకు బరువు ఎక్కువగా తిరిగొచ్చింది, వ్యాయామం కలిపినవాళ్లకు తక్కువగా. బరువు దించడం కన్నా దిగిన బరువును ఆపడంలోనే వ్యాయామం సత్తా కనిపిస్తుందన్న పాత పరిశీలనకు ఇది బలం చేకూర్చింది.

షుగర్ డౌన్ అయ్యే ముప్పు

ఇన్సులిన్‌కి కండరం బాగా స్పందించడం మొదలయ్యాక పాత మోతాదు మందు ఎక్కువైపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం తక్కువ. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లలో చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే అది నడక అలసట అనుకోకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్లు మొదలుపెట్టే ముందు షుగర్ 90 కన్నా తక్కువుంటే కాస్త ఏదైనా తిని బయల్దేరాలి. తొడకు ఇంజెక్షన్ చేసుకుని వెంటనే పరుగు తీస్తే మందు మామూలు కన్నా వేగంగా రక్తంలో కలుస్తుంది. అలాంటి రోజు పొట్టకు తీసుకోవడం మేలు. కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పెరిగినవాళ్లు బరువులెత్తే ముందు కంటి డాక్టర్‌ని అడగాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు గుడి ప్రదక్షిణైనా సరే ఉత్త కాళ్లతో నడవకూడదు.

సాయంత్రం గట్టిగా వ్యాయామం చేస్తే షుగర్ పడిపోయేది అప్పుడే కాకపోవచ్చు. ఖాళీ అయిన కండరం రాత్రంతా గ్లూకోజ్ లాక్కుంటూనే ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి దాటాక నిద్రలో పడిపోయే అవకాశం ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్ల తలగడ పక్కన గ్లూకోజ్ పొడి ఉండాలనేది ఇందుకే. పొద్దున తలనొప్పితో, తడిసిన బనీనుతో లేస్తుంటే మందు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిన వేళ అయిందని అర్థం.